పదకొండు నిమిషాల చిట్టా

కాలువ గట్ల పరిరక్షణ మండలిలో సువర్చల తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. మండలి వెబ్‌సైటు, దాన్ని మోసే సర్వరు, ఆ సర్వరున్న గదిలో ఏసీ, ఆ ఏసీ కింద పెట్టిన ప్లాస్టిక్ బకెట్టు, ఈ నాలుగూ ఆమె బాధ్యత. నాలుగింటిలోనూ బకెట్టు ఒక్కటే కొత్తది.

గోదావరి డెల్టాలో ఎక్కడ కాలువ గట్టు బీట విచ్చినా, ఎక్కడ ఎలక బొరియలోంచి నీళ్లు ఊరినా, రైతు తన ఫోనుతో ఫోటో తీసి మండలి వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టాలి. అది చూసి ఇంజనీరుగారు ఇసుక బస్తాలు వేసుకుని బయల్దేరాలి. పూర్వం రైతులు గట్టు మీద తిరిగే లస్కరుని కేకేసి చెప్పేవారు. అలా చెప్పడం అశాస్త్రీయమని తేల్చి రెండేళ్ల కిందటే నిషేధించారు. లస్కరు ఇప్పటికీ గట్టు మీదే తిరుగుతాడు గాని వినడు.

ఆషాఢ మాసంలో ఒకరోజు పొద్దున్నే సర్వరు ఎర్రగా ఒక హెచ్చరిక చూపించింది. డిస్కు నూటికి తొంభై ఆరు పాళ్లు నిండిపోయింది. సువర్చల ఆ మాట ఒక కాగితం మీద రాసి సూపరింటెండెంటు త్రిమూర్తులుగారికిచ్చింది. ఆయన దాన్ని ఫైల్లో పెట్టి డైరెక్టరు చక్రధరరావుగారికి పంపాడు. మధ్యాహ్నానికల్లా అత్యవసర సమావేశం.

"డిస్కు నిండుటకు గల మూలకారణాలను సమగ్ర దృక్పథంతో సభకు నివేదించవలసింది," అన్నారు డైరెక్టరుగారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా ఇదే భాషలో అడుగుతారని ఆఫీసులో ప్రతీతి.

సువర్చల లేచి నిలబడింది. "సార్, మొత్తం నలభై జీబీ. అందులో ముప్పై ఒకటి తమరు చేసిన తనిఖీల వీడియోలండి. మిగతాది రైతుల ఫిర్యాదులూ, ఫోటోలూ. రెండు జీబీ మాత్రం లాగ్ అండి."

"వీడియోలు మండలి చరిత్ర. చరిత్రను తాకరాదు," అన్నారాయన. "ఆ చివరిదేమన్నారు? లాగ్? అది ఎవరికి పనికొచ్చే పదార్థం?"

"సర్వరు తనకు తాను రాసుకునే చిట్టా సార్. ఎవరు ఎప్పుడొచ్చేరు, ఏమడిగేరు, మనం ఇచ్చేమా లేదా, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు, అన్నీ అందులో పడిపోతాయండి. ఏదైనా చెడితే అది చూసే బాగు చేస్తాం."

"అనగా, మన సర్వరు పని చేస్తూనే పని చేస్తున్నానని రాసుకుంటోంది?"

"అవునండి."

"ఎవరు రాయమన్నారు?"

 సువర్చల ఉద్యోగంలో చేరేనాటికే అది రాస్తోంది. ప్రపంచంలో సర్వర్లన్నీ రాస్తాయి.

"ఉత్తర్వు లేకుండా రాస్తోందన్నమాట," అన్నారు డైరెక్టరుగారు సభ వైపు తిరిగి. సభలో అందరూ సర్వరు తరఫున సిగ్గుపడ్డారు.

"సార్, పాత చిట్టాలు నొక్కి చిన్నవి చేసి మూణ్ణెల్లవి ఉంచుకుని మిగతావి తీసెయ్యొచ్చండి. లేకపోతే నాలుగు వేలు పెడితే కొత్త డిస్కు..."

"కొత్త డిస్కుకు టెండరు కావాలి. టెండరుకు సాంకేతిక ఉపసంఘం కావాలి. ఉపసంఘానికి డిస్కు నిండినదన్న రుజువు కావాలి. ఆ రాత ఆపుటకేం కావాలి?"

"ఒక్క లైను మారిస్తే చాలండి," అంది సువర్చల. నోరు జారిందని అన్న తరవాత తెలిసింది.

"మార్చండి."

"రాతపూర్వకంగా ఇప్పిస్తారా సార్?"

డైరెక్టరుగారు ఆమె వైపు జాలిగా చూశారు. "అమ్మా, రాయడం తగ్గించడానికి కదా ఈ సమావేశం?"

సువర్చల వెళ్లి ఆ లైను మార్చింది.  ఆమె జీతం ప్రతి ఆర్నెల్లకూ పొడిగింపు మీద నడుస్తుంది. పొడిగింపు కాగితం మీద సంతకం చక్రధరరావుగారిది. కాబట్టి మార్చింది.

మొదటి వారం గొప్పగా గడిచింది. ప్రతి శుక్రవారం రాజధానికి పంపే నివేదికలో 'సాంకేతిక లోపాలు' అని ఒక గడి ఉంటుంది. ఎప్పుడూ అందులో అరవయ్యో డెబ్బయ్యో ఉండేవి. లోపాలు లెక్కపెట్టేది ఆ చిట్టాయే. చిట్టా లేదు గనక ఈసారి సున్నా వచ్చింది. డైరెక్టరుగారు ఆ సున్నాను చాలాసేపు చూసి, గడియారం వంక చూసి, మళ్లీ సున్నాను చూశారు.

"ఒకే ఒక్క లైనుతో డెబ్బయి లోపాలు నివారించాం," అన్నారు త్రిమూర్తులుగారితో.

"తమరి దూరదృష్టి అండి," అన్నాడు త్రిమూర్తులుగారు. ఆయనకి రిటైర్మెంటు పద్నాలుగు నెలల్లో ఉంది. ఆ పద్నాలుగు నెలలూ దేనికీ అడ్డు చెప్పకూడదని అన్నవరంలో మొక్కుకుని వచ్చాడు.

శ్రావణంలో ఇంకో గొప్ప జరిగింది. ఫిర్యాదులు తగ్గాయి. తగ్గడమంటే మామూలుగా తగ్గడం కాదు, ఒక బుధవారం నుంచి బొత్తిగా ఆగిపోయాయి. తొమ్మిది మండలాలు, మూడొందల మైళ్ల గట్లు, ఒక్క ఎలక బొరియ లేదు. రాజధాని నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. 'శూన్య ఫిర్యాదు స్థితి సాధించిన ప్రథమ మండలి' అని బంగారు రంగు అక్షరాల్లో రాసి, చక్రధరరావుగారికి శాలువా కప్పారు. ఆ వీడియో నాలుగు జీబీ. లాగ్ తీసేయగా మిగిలిన చోటు దానికి చాలలేదు. రైతుల పాత ఫోటోలు కొన్ని తీసేసి సర్దారు.

సువర్చలకి మాత్రం నమ్మకం కలగలేదు. వానాకాలంలో ఫిర్యాదులు పెరగాలి గాని తగ్గడమేమిటి? తనే తన ఫోనునుంచి ఒక ఉత్తుత్తి ఫిర్యాదు పెట్టి చూసింది. 'మీ ఫిర్యాదు అందినది. ధన్యవాదములు' అని వచ్చింది. జాబితాలో చూస్తే లేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ ధన్యవాదాలు. జాబితాలో మళ్లీ లేదు. వెబ్‌సైటు కట్టిన కంపెనీవాళ్లు మర్యాదస్తులు. ముందు ధన్యవాదాలు చెప్పి తరవాత దాచుకునేలా రాశారు. దాచుకోవడం ఎక్కడ ఆగిపోతోందో తెలియాలంటే చిట్టా కావాలి. అది తెరిస్తే గాని తెలియదు, తెరవడానికి అనుమతి కావాలి.

వినతిపత్రం రాసి తపాలు సెక్షనులో ఇచ్చింది. అక్కడి గుమాస్తా దాన్ని తీసుకోలేదు.

"ఇన్‌వర్డు రిజిస్టరు ఎత్తేసేం కదండీ మేడం. నిన్నటినుంచి."

"ఎత్తేశారా? ఎందుకూ?"

"అలమారాలో చోటు కోసమండి."

అప్పటికే చక్రధరరావుగారికి కొత్త చూపు వచ్చేసింది. సర్వరు రాయడం మానేస్తే సర్వరు బాగుపడింది. మరి మనుషుల సంగతేమిటి? ఆయన ఆఫీసంతా కలియదిరిగారు. గేటు దగ్గర వాచ్‌మన్ అబ్బులు సందర్శకుల పేర్లు రాస్తున్నాడు. హాజరు పట్టీలో సంతకాలు పడుతున్నాయి. తపాలు సెక్షనులో వచ్చిన కాగితానికి నంబరు వేస్తున్నారు. సమావేశాల్లో ఎవరేమన్నారో ఒకాయన మినిట్సు రాస్తున్నాడు. ఎటు చూసినా చిట్టాలే. పని తక్కువ, పని జరిగినట్టు రాత ఎక్కువ.

'చిట్టా రహిత కార్యాలయం' అనే పథకం అలా పుట్టింది. గేటు పుస్తకం పోయింది. దాంతో ఆఫీసుకొచ్చి తిరిగి తిరిగి వెళ్లేవాళ్ల సంఖ్య సున్నా అయింది. హాజరు పట్టీ పోయింది, ఆలస్యంగా వచ్చేవారి సంఖ్య సున్నా అయింది. ఇన్‌వర్డు రిజిస్టరు పోయాక పెండింగు ఉత్తరాలు సున్నా. చివరికి ఒక సమావేశంలో ఇకమీదట సమావేశాలకు మినిట్సు రాయరాదని నిర్ణయించారు. ఆ నిర్ణయాన్ని రాయాలా వద్దా అని అరగంట చర్చ జరిగింది. నిర్ణయం తక్షణం అమల్లోకి వచ్చింది గనక రాయకూడదని తేలింది.

పక్క శాఖలవాళ్లు బస్సులో వచ్చి చూసిపోయారు. "ఇంత ప్రశాంతంగా ఉండే ఆఫీసు మేం చూడలేదండి," అన్నారు. నిజంగానే ప్రశాంతంగా ఉంది. పదకొండు దాటితే గాని ఎవరూ రావడం లేదు.

ఆశ్వయుజంలో, దసరా సెలవులు ముగిసిన మూడో రోజున, గుత్తుల పేర్రాజు వచ్చాడు. రెల్లుగడ్డ అనే ఊరి రైతు. అరవై అయిదేళ్లుంటాయి. పంచె మోకాళ్లదాకా ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్లకి ఎండిన బురదతో నేరుగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్లబోతే త్రిమూర్తులుగారు అడ్డుపడి కంప్యూటరు గదికి తోలాడు. సమస్య వెబ్‌సైటుకు సంబంధించినది గనక.

"అమ్మా, తమరేనా ధన్యవాదాలు చెప్పేది?" అన్నాడు పేర్రాజు.

"అదేంటండి బాబాయ్‌గారూ?"

"మా ఊరి దగ్గర పడమటి కాలవ గట్టు జారిపోతందమ్మా. మోకాలి లోతు కన్నం పడింది. నెల్లాళ్లయింది. నేనొక్కణ్నే పంతొమ్మిది మాట్లు పెట్టేను ఫిర్యాదు. పెట్టినప్పుడల్లా ధన్యవాదాలే. ఇసక బస్తా ఒక్కటి రాలేదు. ఇంజినీరుగారి కాడికెళితే, కాగితం రానిదే కదలకూడదంట. లస్కరు ఉన్నాడు గానీ ఆడు చెవిలో దూది పెట్టుకున్నాడు. ధన్యవాదాలతో గట్టు నిలబడుద్దా తల్లీ?"

సువర్చల జాబితా తీసి చూసింది. రెల్లుగడ్డ పేరు మీద ఏమీ లేదు. శ్రావణంలో ఆ బుధవారం నుంచి ఎవరి పేరు మీదా ఏమీ లేదు.

"మీవి రాలేదండి," అంది మెల్లిగా.

పేర్రాజు కోపం తెచ్చుకోలేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. ఫోను తీసి, బొటనవేలు పంచెకి తుడుచుకుని, ఒక్కో ఫోటో చూపించాడు. గట్టు. గట్టులో కన్నం. కన్నంలో నిలబెట్టిన కర్ర. వారం తరవాత అదే కర్ర, సగం మునిగి. "వరి పొట్ట మీదుంది," అన్నాడు. "ఆరొందల ఎకరాలు. దిగువన మాలపేట, చాకలిపేట. గట్టు తెగితే ముందు ఆళ్ల ఇళ్లలోకే."

సువర్చల లేచి డైరెక్టరుగారి గది వైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెళ్లి అడిగితే ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. ఉపసంఘం వేస్తారు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, నాలుగు నెలల కిందట మార్చిన లైనుని మళ్లీ మార్చింది. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

"ఇప్పుడు పెట్టండి బాబాయ్‌గారూ, మీ ఫిర్యాదు."

పేర్రాజు పెట్టాడు. ధన్యవాదాలు వచ్చాయి. సర్వరు చిట్టాలో కూడా ఒక లైను పడింది: పంపిన సమయం, పంపినవారి ఫోను నంబరు, ఊరు, కారణం. ఫిర్యాదులు దాచుకునే డేటాబేసు పాస్‌వర్డు తప్పు. అంతే. రాజధానిలో ఎవరో శ్రావణంలో పాస్‌వర్డు మార్చి ఈ ఆఫీసుకి ఉత్తరం రాసి ఉంటారు. ఉత్తరం వచ్చే ఉంటుంది. ఇన్‌వర్డు రిజిస్టరు లేదు గనక ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

"ఒక్కటి సరిపోదేమో. మీ ఊళ్లో ఇంకెవరైనా పెట్టేరా?"

"ఊరంతా పెట్టేరు." పేర్రాజు వెంటనే ఫోను చెవికి ఆనించి కేకేశాడు. "ఒరే వెంకన్నా! రచ్చబండ కాడున్నోళ్లందరూ ఇప్పుడు కొట్టండ్రా ఫిర్యాదు! ఇప్పుడే! అమ్మాయిగారు సూత్తన్నారు!"

తెర మీద లైన్లు ఒకదాని కింద ఒకటి పడటం మొదలైంది. రెల్లుగడ్డ. రెల్లుగడ్డ. రెల్లుగడ్డ. పేర్రాజుది కాక ఇరవై ఆరు. మధ్య మధ్య ఎవరూ పిలవని వేరే ఊళ్లవి కూడా పడుతున్నాయి. ఎక్కడో ఎవరో ఈ క్షణంలో కూడా గట్టు ఫోటో తీసి పంపుతూనే ఉన్నారన్నమాట. ఇన్నాళ్లూ పంపుతూనే ఉన్నారు.  సువర్చల రాజధానికి ఫోను చేసి కొత్త పాస్‌వర్డు అడిగి తెలుసుకుంది. వేసింది. ఫారం పనిచేసింది. పదకొండూ ముప్పై ఒకటికి చిట్టా మళ్లీ ఆపేసింది, ఉత్తర్వు ఉత్తర్వే గనక.

సాయంత్రానికి మూడొందల పన్నెండు ఫిర్యాదులు వచ్చాయి.

చక్రధరరావుగారు ఆ సంఖ్య చూసి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. "నిన్నటి వరకు?"

"సున్నా అండి."

"ఇవాళ చిట్టా తెరిచారు?"

"పదకొండు నిమిషాలు సార్."

"నాలుగు మాసాలు చిట్టా మూసి ఉండగా ఫిర్యాదులు శూన్యం. పదకొండు నిమిషాలు తెరవగా మూడొందల పన్నెండు. అనగా నిమిషానికి ఇరవై ఎనిమిది. చిట్టాయే ఫిర్యాదులకు మూలమని శాస్త్రీయంగా రుజువైనది."

"సార్, రెల్లుగడ్డ గట్టు..."

"ఈ ఫిర్యాదులు క్రమవిరుద్ధ మార్గాన అందినవి. వీటి వాస్తవికతను నిర్ధారించుటకు త్రిసభ్య సంఘం నియమిస్తున్నాను. అప్పటివరకు ఇవి అందినట్టు కాదు, అందనట్టూ కాదు."

ఆ సాయంత్రం సువర్చల సెక్షను ఇంజనీరుకి స్వయంగా ఫోను చేసింది. ఆయన మంచివాడే. "అమ్మా, నాకూ తెలుసు ఆ కన్నం. రోజూ ఆ దారినే వెళ్తాను. కానీ ఫిర్యాదు లేని గట్టుకి బస్తా వేస్తే, రేపు ఆ బస్తా ఎందుకేశావని నన్నడుగుతారు. కాగితం తెప్పించండి, గంటలో వేయిస్తాను," అన్నాడు. ఆమె త్రిమూర్తులుగారి ఇంటికి కూడా వెళ్లింది. ఆయన కాఫీ ఇచ్చి, తన మొక్కు సంగతి చెప్పాడు.

త్రిసభ్య సంఘంలో ఇద్దరు సభ్యులు ఒకరికొకరు తెలియరు. వాళ్లు కలవకముందే వాన పట్టుకుంది. మూడు రోజులు ఏకధార. నాలుగో రోజు మధ్యాహ్నం రెల్లుగడ్డ దగ్గర పడమటి కాలువ గట్టు ఇరవై గజాలమేర తెగిపోయింది. ఆరొందల ఎకరాల వరి పొట్ట మీదుండగానే మునిగిపోయింది. పేటల్లో నడుములోతు నీళ్లు. ముసలివాళ్లని తలుపురెక్కల మీద కూర్చోబెట్టి స్కూలు దాకా తోసుకెళ్లారు. ప్రాణాలు పోలేదు, పగలు గనక. పద్దెనిమిది గొడ్లు పోయాయి, కట్లు విప్పేవాళ్లు లేక.

మర్నాడు పేర్రాజు సువర్చలకి ఫోను చేశాడు. వెనక ఎవరో ఏడుస్తున్న చప్పుడు. "అమ్మా, నీ తప్పేం లేదు. నువ్వు సూసేవు," అన్నాడు. ఆ ఓదార్పుని ఆమె చాలా రోజులు మోయలేకపోయింది. సర్వరు గదిలో తలుపు వేసుకుని ఏడ్చింది. ఆ లైను మొదటిసారి మార్చిన చెయ్యి కూడా తనదే.

రాజధానినుంచి విచారణ సంఘం వచ్చింది. అధ్యక్షుడు గోవర్ధనంగారు రిటైరైన పెద్ద అధికారి. దగ్గు మందు సీసా జేబులో పెట్టుకుని తిరుగుతారు.

"రెల్లుగడ్డ రైతులు ఫిర్యాదు చేసినట్టు రికార్డు?"

"లేదండి. త్రిసభ్య సంఘం తేల్చేదాకా అవి అందినట్టు కాదండి," అన్నాడు త్రిమూర్తులు.

"చిట్టా ఆపమని ఉత్తర్వు?"

"లేదండి."

"ఉత్తర్వు ఇచ్చిన సమావేశం మినిట్సు?"

"అప్పట్లో రాసినవి ఉండేవండి. చిట్టా రహిత పథకం కింద అలమారా ఖాళీ చేసేటప్పుడు వెళ్లిపోయేయి."

గోవర్ధనంగారు చక్రధరరావుగారి వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా నేను ఈ కార్యాలయంలో ఉన్నట్టు సంఘం వద్ద ఆధారమేమైనా ఉన్నదా?" అన్నారు చక్రధరరావుగారు వినయంగా.

హాజరు పట్టీ లేదు. గేటు పుస్తకం లేదు. సంఘం సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శాలువా కప్పిన వీడియో ఉంది గాని, అందులో శాలువా కప్పుకున్నది ఫలానా తేదీనని ఎక్కడా రాసి లేదు. ఆయన లేనట్టు సంఘం ఏకగ్రీవంగా అంగీకరించింది. లేని మనిషి తప్పు చేయలేడు.

"అయితే ఈ ఆఫీసులో నాలుగు నెలల పాటు ఏమీ జరగలేదా?" అన్నారు గోవర్ధనంగారు. ఆయన అనుభవంలో కూడా ఇది కొత్త.

"ఒకటి జరిగిందండి," అన్నాడు త్రిమూర్తులు. సర్వరులోంచి అచ్చువేసిన మూడు పేజీల కాగితం ముందు పెట్టాడు. "ఆశ్వయుజంలో ఒకరోజు పదకొండూ ఇరవై నుంచి పదకొండూ ముప్పై ఒకటి దాకా చిట్టా తెరిచి ఉందండి. తెరిచింది సువర్చల. మొదటి లైనులో ఆవిడ పేరుంది."

సంఘం ఊపిరి పీల్చుకుంది. నాలుగు నెలల చరిత్రలో నమోదైన చర్య ఒక్కటే. ఆ చర్య చేసిన మనిషీ ఒక్కరే. కాబట్టి బాధ్యులూ ఒక్కరే. సువర్చలని సస్పెండ్ చేయాలని అక్కడికక్కడే సిఫార్సు చేశారు.

అక్కడొక చిక్కు వచ్చింది. సస్పెండ్ చేయాలంటే ఆమె ఉద్యోగి అయి ఉండాలి. తాత్కాలిక నియామకం కాగితాలూ, పొడిగింపులూ అలమారాతోపాటే వెళ్లాయి. హాజరు పట్టీ ఎలాగూ లేదు. కాగితాల ప్రకారం ఆమె ఎవరో దారిన పోయే మనిషి. దారిన పోయే మనిషిని సస్పెండ్ చేయడం కుదరదు. పోలీసు కేసు పెడితే, సర్వరు గదిలోకి బయటివాళ్లని ఎలా రానిచ్చారని ప్రశ్న వస్తుంది.

త్రిమూర్తులు పాత రూల్సు పుస్తకం తిరగేసి ఒక మార్గం పట్టాడు. మొక్కు ఉన్నా, ఆయనకి రూల్సంటే ప్రాణం. ఆషాఢం ఒకటో తేదీనుంచి వర్తించేలా ఆమెని శాశ్వత ఉద్యోగిగా నియమించి, ఆ వెంటనే సస్పెండ్ చేయాలి. ఫైలు రాజధానికి వెళ్లి వారం తిరక్కుండా వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఆమె పెట్టుకున్న పదమూడు దరఖాస్తులకి రాని జవాబు అది.

"సువర్చలగారూ, శుభాకాంక్షలు," అన్నాడు త్రిమూర్తులు, ఒక చేత్తో నియామకపత్రం, ఇంకో చేత్తో సస్పెన్షను పత్రం ఇస్తూ. "రెండింటి మీదా విడివిడిగా సంతకాలు చెయ్యాలండి. ముందు దీని మీద. తారుమారైతే మళ్లీ మొదటికొస్తుంది."

ఆమె సంతకాలు పెట్టింది. వాటితో పాటు అభియోగ పత్రం ఇచ్చారు. అభియోగానికి ఆధారం జత చేయాలి గనక ఆ మూడు పేజీల చిట్టా కూడా జత చేశారు. ప్రతి పేజీ మీదా 'అసలుకు సరియైన నకలు' అని గుండ్రటి ముద్ర కొట్టి, కింద మండలి కార్యదర్శి సంతకం చేశాడు.

సువర్చల ఆఫీసు మెట్ల మీదే కూర్చుని చదివింది. మొదటి లైను తన పేరు. దాని కింద రెల్లుగడ్డ, రెల్లుగడ్డ, రెల్లుగడ్డ. ఇరవై ఏడు లైన్లు. గట్టు తెగడానికి అయిదు రోజుల ముందటి తేదీ. పక్కన ఫోను నంబర్లు. ప్రతి పేజీ మీదా మండలి ముద్ర.

ఆమె అక్కడినుంచే పేర్రాజుకి ఫోను చేసింది. "బాబాయ్‌గారూ, మీ ఫిర్యాదు అందిందండి. మా వాళ్లు ముద్ర కూడా వేశారు. వచ్చి నకలు తీసుకోండి."

రైతులు కోర్టుకి వెళ్లారు. మండలి తరఫు వకీలు మొదట అలాంటి ఫిర్యాదులేవీ అందలేదని వాదించాడు. జడ్జిగారు మూడు పేజీలూ ఆయనకి చూపించారు.

"ఇది మీ ముద్రేనా?"

"మా ముద్రేనండి."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

 అబద్ధమంటే సువర్చల మీద కేసు పోతుంది. నిజమంటే రైతుల కేసు గెలుస్తుంది. వకీలు రెండు వాయిదాలు అడిగి, రాజధానికి వెళ్లి వచ్చాడు. రాజధానిలో పెద్దలు తర్జనభర్జన పడి చివరికి తేల్చారు. రైతులకి నష్టపరిహారం ఇవ్వడం ప్రభుత్వానికి అలవాటే. కింది ఉద్యోగి అనుమతి లేకుండా ఒక పని చేసి తప్పించుకోవడం మాత్రం దుష్ట సంప్రదాయమవుతుంది.

"నిజమేనండి," అన్నాడు వకీలు మూడో వాయిదాలో.

మాఘంలో రెల్లుగడ్డ దగ్గర గట్టు రాళ్లతో కట్టడం మొదలుపెట్టారు. ఆరొందల ఎకరాలకీ పరిహారం రాశారు, పేటల్లో కూలిన ఇళ్లకి కూడా. పద్దెనిమిది గొడ్లలో పదహారింటికి వచ్చింది. మిగతా రెండింటికి ఫోటోలు లేవు. చక్రధరరావుగారికి రాష్ట్ర ఆరోగ్య గణాంకాల విభాగానికి అధిపతిగా ప్రమోషను వచ్చింది. రోగుల రికార్డులు చాలా స్థలం ఆక్రమిస్తున్నాయని అక్కడ మొదటి రోజే గమనించారట.

ఫాల్గుణంలో సువర్చల కేసు తేలింది. సస్పెన్షను ఎత్తేశారు. అయితే శిక్ష లేకుండా వదలకూడదు గనక సర్వీసు రిజిస్టరులో మందలింపు నమోదు చేయమన్నారు. ఆమెకి సర్వీసు రిజిస్టరు లేదు. త్రిమూర్తులు బజారుకి మనిషిని పంపి ఒక కొత్త పుస్తకం తెప్పించాడు. అట్ట మీద ఆమె పేరు రాసి, మొదటి పేజీ తిప్పి, కళ్లజోడు సర్దుకుని నెమ్మదిగా రాశాడు. ఏడు నెలల తరవాత ఆ ఆఫీసులో ఒక పుస్తకంలో కలం ఆనడం అదే.

"రెల్లుగడ్డ గట్టు ప్రమాదంలో ఉన్నదని అనుమతి లేకుండా తెలుసుకున్నందుకు ఈ ఉద్యోగిని మందలించడమైనది," అని చదివి వినిపించాడు. "చూసుకుని సంతకం పెట్టండమ్మా. అభ్యంతరం ఉంటే రాయొచ్చు."

సువర్చల పుస్తకం తన వైపు తిప్పుకుంది. ఆ వాక్యం రెండుసార్లు చదివింది.

"అభ్యంతరమేం లేదండి," అంది. "తేదీ, టైము వెయ్యడం మర్చిపోయారు."